లోపల పుట్టిన గాలి

పదకొండో భాగం

బుడమేరు బెజవాడ మీద పడ్డ ఏడు. ఈ కథంతా ఆ ఏడే జరిగింది. ఈ వారం చెప్పేది మాత్రం బుడమేరు ఇంకా తెగని శనివారం సంగతి. అప్పటికి మాకు వాన తప్ప ఇంకేమీ తెలియదు.

కిందటి వారం ఎక్కడ ఆపానో చెప్తాను. తిరువూరు ఊరి చివర, ఎ.కొండూరు వైపు రోడ్డు మీద మా వెల్డింగు షెడ్డు. వెనకే ఇల్లు. మా అబ్బాయి నాజిమ్ నా దగ్గరే పని నేర్చుకుని, ఒక కాంట్రాక్టరు ద్వారా దూరదేశంలో అణు రియాక్టరు పనికి కుదిరాడు. అక్కడ పరీక్ష కోసం వాడు వెల్డింగు పెట్టిన ప్లేటు పగిలింది. చేతి లోపం అన్నారు. ఇంటికి పంపేశారు. వచ్చినవాడు మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డు మేకుకి తగిలించి కూర్చున్నాడు. రెండు నెలలైంది. వాడి చెల్లెలు నాహిద్ కూడా అక్కడే స్టీలు మీద పరిశోధన చేస్తుంది. సెలవు మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అన్న మొహంలోకి చూసి మాట్లాడటం లేదు. కారణం నాకు తెలియదు. ఇంతలో వాన పట్టుకుంది. అటు ఎ.కొండూరు వైపు వాగు, ఇటు గంపలగూడెం వైపు కట్టలేరు పొంగాయి. బస్సులు ఆగిపోయాయి. మధ్యాహ్నం, వాగవతల ఉండే ఏసోబు ట్రాక్టరు హారను కొట్టుకుంటూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. వెనక ట్రక్కులో ఎవరో నిలబడి ఉన్నారు.

అక్కడ ఆపాను.

ఆ మనిషి తల మీద యూరియా సంచి కప్పుకుని ఉన్నాడు. సంచి కింద కళ్లజోడు, కళ్లజోడు నిండా నీళ్లు. దిగడానికి కాలు చాపితే కాలికి బూటు లేదు. రెండో కాలికి ఉంది.

"బాబాయ్, నీకో చుట్టాన్ని పట్టుకొచ్చా," అన్నాడు ఏసోబు. "వాగవతల అద్దె కారులో కూర్చుని దిక్కులు చూస్తున్నాడు. నాజిమ్ గారిల్లు ఎక్కడండీ అంటాడు. మన నాజిమ్‌ని గారు అన్న మనిషిని పుట్టి ఇదే చూడ్డం. అందుకని ఎక్కించుకున్నా."

"బూటేదిరా?"

"వాగు తీసుకుంది. టోలుగేటు అనుకో." వాడు నవ్వి, వెంటనే నవ్వు ఆపాడు. "నేను దాటాక వాగు ఇంకా లేచింది బాబాయ్. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు లేదు. ఇంక నేనూ మీ ఇంట్లోనే. పిన్నీ, చాయ్!"

నాజిమ్ లోపల్నుంచి వచ్చాడు. వచ్చినవాణ్ణి చూసి లుంగీ కిందికి దించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"శశాంక్ సార్!"

ఆ పేరు నేను విన్నదే. అక్కడ వాడి పరీక్ష చూసుకునే పెద్ద ఆయనే. ఇంటికి పొమ్మని చెప్పింది కూడా ఆయనే. మనిషి నేననుకున్నంత పెద్దవాడు కాదు. నలభై దాటి ఉండవు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి.

"తుడుచుకోడానికి ఏదన్నా ఇవ్వవే," అని కేకేసింది మా ఆవిడ జైతున్‌బీ. నాహిద్ టవలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

"నాహిద్? నువ్విక్కడేంటి?" అన్నాడు శశాంక్.

నాహిద్ టవలు చాపిన చెయ్యి అట్లాగే ఉంది.

"ఇక్కడ కాకపోతే ఎక్కడుంటదండీ? దాని ఇల్లేగా ఇది," అంది జైతున్‌బీ.

ఆయన నాజిమ్‌ని చూశాడు. మళ్లీ నాహిద్‌ని చూశాడు.

"మీరిద్దరూ..."

"అన్నాచెల్లెళ్లండీ," అన్నాడు ఏసోబు. "మొహాలు చూస్తే తెలియట్లా? ఆ ముక్కు ఈ ఇంట్లో తప్ప కృష్ణా జిల్లాలో ఇంకెక్కడా దొరకదు."

ఆ సంగతి వాళ్లు పనిచేసే చోట ఎవరికీ తెలియదు. నాజిమ్ చేరేటప్పుడే ఇద్దరూ అనుకుని దాచారు. చెల్లెలు పెట్టించిన ఉద్యోగం అనిపించుకోనన్నాడు వాడు. క్యాంటీన్లో ఎదురుపడ్డా పలకరించుకునేవాళ్లు కారట. షేకులు అక్కడ బోలెడుమంది. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఆవిడ ఆవకాయ ఒకే జాడీలో పంపేది. దాన్ని పంచుకోడానికి ఇద్దరూ ఆదివారం బస్టాండులో కలుసుకునేవాళ్లట.

శశాంక్ టవలు తీసుకోలేదు. షెడ్డులో స్టూలు ఉంటే దాని మీద కూర్చున్నాడు.

"అయిపోయింది," అన్నాడు.

ఏమయిపోయిందో మేమెవరం అడగలేదు. రేకుల మీద వాన చప్పుడుకి గట్టిగా అరిస్తే గాని మాట వినపడని రోజు అది. ఆ మాట మాత్రం అందరికీ వినపడింది.

చాయ్ తాగాక ఆయన కాస్త తేరుకున్నాడు. షెడ్డు చుట్టూ చూశాడు. మేకుకి వేలాడుతున్న షీల్డు దగ్గర చూపు ఆగింది.

దాని గురించి చెప్పాలి. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బెజవాడలో నాకు పని నేర్పినాయన దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. ఎవడు వేసిన అతుకు పగిలితే వాడు షీల్డు ఆ మేకుకి తగిలించాలి. పగిలిన అతుకుని తనే గ్రైండరుతో తవ్వి తీసి, మళ్లీ వేసి, అది నిలిచాక తనే దించుకోవాలి. ఇంకొకడు ముట్టకూడదు. ఇనుము మంచిది కాదు, రాడ్డు తడిసింది, కరెంటు సరిగా రాలేదు, ఇట్లాంటి మాటలు షెడ్డులో వినపడకూడదు. ఇనుముని అనకూడదు. అదీ పద్ధతి. ఇంకొకటి కూడా ఉంది. ఆర్కు కొట్టేముందు, అంటే వెల్డింగు మెరుపు పుట్టించేముందు, "కన్ను" అని అరవాలి. పక్కనున్నవాడు మొహం తిప్పుకోడానికి. ఈ రెండూ నాజిమ్‌కి మీసం రాకముందే వచ్చు.

వాడి పగిలిన ప్లేటు ఆ దూరదేశంలో మందపాటి అద్దం వెనక ఉండిపోయింది. ఆ గదిలోకి మనుషులు పోరు. ఇవతల కూర్చుని పిడులు పట్టుకుని కదిపితే అవతల ఇనుప చేతులు కదులుతాయి. నాజిమ్ అట్లా కూర్చుని వేసిందే ఆ అతుకు. తవ్వి తీద్దామంటే ఇప్పుడు వాడికి అందదు. అందుకే షీల్డు అక్కడే ఉంది.

"నీ కోసమే వచ్చాను నాజిమ్," అన్నాడు శశాంక్. "ఫోను తియ్యవు. మళ్లీ కూర్చుంటావా?"

"ఎక్కడ సార్?"

"అక్కడే. రెండు ప్లేట్లు. ఒకే రోజు, ఒకే చేత్తో. వచ్చే గురువారం అసలుదానికే వెల్డింగు పెట్టాలంటున్నారు పైవాళ్లు. రియాక్టరు లోపలి భాగానికి. ఈ పరీక్ష దానికి ముందు జరిగి తీరాలి. వేరే వెల్డర్లని అడిగాను. నీ ప్లేటు సంగతి విని ఒక్కడూ రానన్నాడు. ఎవడి పేరు వాడికి ముద్దు."

"వస్తాను సార్."

"పూర్తిగా విను. ఒకసారి తప్పినవాణ్ణి మళ్లీ కూర్చోబెట్టాలంటే, మొదటిసారి తప్పు తన చేతిదేనని కమిటీ ముందు వాడే ఒప్పుకోవాలి. అది రూలు. ఒప్పుకోకపోతే పిడులు ముట్టనివ్వరు."

నాజిమ్ నవ్వాడు.

"అంతేగా సార్? తప్పు నాదే. ఎవరి ముందు చెప్పమంటే వాళ్ల ముందు చెప్తా. అమ్మా! నా చొక్కాలు ఆరినయ్యా?"

రెండు నెలల్లో వాడు అంత గట్టిగా మాట్లాడటం అదే. మా ఆవిడ లోపల్నుంచి, "ఈ వానకి చొక్కాలు కాదు, నా ఒళ్లే ఆరలా," అంది. ఆమె గొంతులో కూడా సంతోషం ఉంది. ఏసోబు వాడి వీపు మీద ఒకటి చరిచాడు.

శశాంక్ నాహిద్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కొంచెమే. నేను చూశాను. నాహిద్ కూడా చూసింది.

"తప్పు నీది కాదు అన్నయ్యా," అంది.

"నాహిద్, ఇప్పుడొద్దు," అన్నాడు శశాంక్.

"నవ్వుకుంటూ ఒప్పుకుంటున్నాడు సార్. చూస్తూ ఎట్లా ఊరుకోను?"

నాజిమ్ మొహంలో నవ్వు ఇంకా ఉంది. "ఏంటే నువ్వు మధ్యలో?"

"నీ అతుకు ఎక్కడ పగిలింది?"

వాడు నా వైపు చూశాడు. చెప్పొచ్చా అన్నట్టు చూశాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

"పక్కన," అన్నాడు. "అతుకులో కాదు. అంచు వెంబడి, వెంట్రుకలాగా."

"మరి నువ్వు వేసింది పగల్లేదుగా? అంత నీటైన అతుకు నేను అక్కడ చూడలేదు. పగిలింది దాని పక్కనున్న స్టీలు, రియాక్టరులో ఏళ్లు ఉండి వచ్చిన స్టీలు. ఆ పగులు అంచు ముక్క కోసి మైక్రోస్కోపులో చూడమని నాకే ఇచ్చారు. చూశాను. ఆ స్టీలు నిండా బుడగలు."

"సబ్బు బుడగలా?" అన్నాడు ఏసోబు.

"హీలియం బుడగలు."

జైతున్‌బీ చేతిలో తపేలాతో వచ్చి నిలబడింది. "హీలియం అంటే?"

"మన నెమలి ఊరి తిరునాళ్లలో పైకి పోయే బూరలు అమ్ముతారే, దాంట్లో గాలి."

"బూరల్లో గాలి ఇనుములోకి ఎట్టా దూరిందే? నీ చదువూ నువ్వూ."

"దూరలేదమ్మా. లోపలే పుట్టింది."

ఇక చెప్పకుండా ఆగదని శశాంక్‌కి తెలిసిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాహిద్ నేల మీద కూర్చుని తల్లికి చెప్పింది. తల్లికి చెబుతున్నట్టు అన్నకి చెప్పింది.

"రియాక్టరులో కంటికి కనపడని రేణువులు ఉంటయ్యమ్మా. న్యూట్రాన్లు అంటారు. అవి ఏళ్ల తరబడి ఆ స్టీలుని కొడుతూనే ఉంటయ్. కొట్టినప్పుడల్లా స్టీలులో అణువులు ఉన్న చోటు నుంచి లేచిపోతయ్. చాలావరకు మళ్లీ సర్దుకుంటయ్. కొన్ని చోట్లు ఖాళీగా మిగిలిపోతయ్. కొన్ని అణువులేమో ఆ రేణువుని మింగి, లోపల్నుంచి హీలియం కక్కుతయ్. ఆ హీలియం దేంతోనూ కలవదు. బయటికి పోడానికి దారీ ఉండదు. తిరిగి తిరిగి ఖాళీ చోటు ఎక్కడ దొరికితే అక్కడ దూరి కూర్చుంటది. ఒకదాని పక్కన ఒకటి చేరితే బుడగ."

"ఉంటే ఉండనీ. ఏం చేస్తది?"

"ఊరికే ఉంటే పర్లేదు. స్టీలు మనకి ఒకటే ముద్దలాగా కనపడుద్ది గాని, లోపల మరమరాల ఉండలాగా గింజలు గింజలు. ఈ బుడగలన్నీ గింజకీ గింజకీ మధ్య సందుల్లో బారుగా చేరినయ్. వెల్డింగు వేడి తగలగానే ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలుస్తయ్. చల్లారేటప్పుడు అతుకు తనవైపు లాగుతుంది కదా, ఆ లాగుడికి సందులు ఊడొస్తయ్. ఎవరు వేసినా అంతే. ఆ స్టీలుకి నిప్పు చూపిస్తే అంతే."

నేను అప్పుడు నోరు తెరిచాను.

"బెజ్జం వెయ్యండి," అన్నాను.

మూసిన పైపుకి వెల్డింగు పెట్టేటప్పుడు ముందు చిన్న బెజ్జం వేస్తాం. లేకపోతే లోపలి గాలి వేడెక్కి ఆఖరి అతుకుని తన్నేస్తుంది. నాకు తెలిసిన మందు అదొక్కటే.

"ఎక్కడ వేస్తావు నాన్నా?" అంది నాహిద్. కోప్పడలేదు. "ఒక చోట ఉంటే వెయ్యొచ్చు. ప్రతి సందులోనూ ఉంది. నువ్వు వేసే బెజ్జం అంచులో కూడా ఉంటది."

నాజిమ్ ఇంతసేపూ కదలకుండా విన్నాడు. మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు.

నాహిద్ తల వంచుకుంది.

"ఆ బుడగలు. ఎప్పుడు చూశావు నాహిద్?"

"నిన్ను పంపేసిన వారానికి."

ఏసోబు లేచి ట్రాక్టరు దగ్గరికి పోయాడు. వానలో అక్కడ చెయ్యాల్సిన పని ఏమీ లేదు.

"మొన్న చుట్టాల పెళ్లిలో షరీఫ్ మామ అన్న మాట విన్నావుగా," అన్నాడు నాజిమ్. "చెయ్యి వణికే వెల్డరు అని అందరి ముందూ అన్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు. అందరికీ బిర్యానీ వడ్డిస్తున్నావు."

"విన్నాను."

"తెలిసే విన్నావు."

"చెబితే ఎవరు నమ్ముతారు అన్నయ్యా? అన్నని కాపాడుకుంటోంది అంటారు. మనం ఒకరికొకరం ఏమవుతామో అక్కడ తెలియనంత కాలమే ఆ మైక్రోస్కోపు ఫోటోలకి విలువ. నీకు చెబితే నువ్వూరుకుంటావా? మర్నాడే పోయి గొడవ పెట్టుకునేవాడివి. మా చెల్లెలు చూసింది అనేవాడివి. అక్కడితో పోయేది."

"ఇప్పుడు పోయింది," అన్నాడు శశాంక్. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ ఫోటోలు నేనూ చూశాను నాజిమ్. నమ్మాను. వాటిని పట్టుకునే పైవాళ్లతో పోట్లాడాను. ఒక ముక్క చూసి చెప్పలేం అన్నారు, ఇంకో ముక్క తెమ్మన్నారు. ఈ గుమ్మంలో ఈ అమ్మాయి టవలు పట్టుకుని కనపడింది చూడు, అప్పుడే అవి చెల్లకుండా పోయాయి. రేపు ఎవడో ఒకడు అడుగుతాడు, చూసిందెవరు, వేసిందెవరు అని. నేను అబద్ధం చెప్పలేను."

"మరి చెప్పకుండా నన్ను ఎందుకు తీసుకుపోదామనుకున్నారు?"

"తెలిస్తే నువ్వు ఒప్పుకోవని. ఇంక మిగిలింది నీ చెయ్యి ఒక్కటే. రెండు ప్లేట్లూ ఒకే రకం స్టీలు. ఒకటి రియాక్టరు మొహం చూడనిది, ఒకటి అందులో ఏళ్లు ఉన్నది. ఏది ఏదో నీకు చెప్పరు. రెండూ నువ్వే వేస్తావు. కొత్తది నిలిచి పాతది పగిలితే, ఇంక చేతిని అనేవాడుండడు. ముక్కలు వేరేవాళ్లు చూస్తారు. ఒక్క మాట ఒప్పుకుంటే చాలు, నీ పేరు నువ్వే కడుక్కోవచ్చు."

"ఆ ఒక్క మాట మీరు గంట ముందు అడిగితే చెప్పాను సార్. హాయిగా చెప్పాను," అన్నాడు నాజిమ్. "ఇప్పుడెట్లా చెప్పను? నాది కాదని తెలిశాక నాదేనని నోరు ఎట్లా పెగులుద్ది?"

"ఒక్క మాటేగా అన్నయ్యా," అంది నాహిద్.

వాడు ఆమె వైపు తిరిగాడు.

"కన్ను అనకుండా ఆర్కు కొట్టావే నువ్వు," అన్నాడు.

నాహిద్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ మాట ఈ ఇంట్లో పుట్టినవాళ్లకే తెలుస్తుంది. కన్ను అనకుండా ఆర్కు కొడితే పక్కవాడికి రెండు రోజులు కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. ఎవరు ఎదురుగా వచ్చినా కనపడరు.

"చొక్కాలు అక్కడే ఉండనియ్యి అమ్మా," అని చెప్పి, వాడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు నాన్నా. ఇనుముని అనకూడదన్నావు. అనలేదు. పక్కన పగిలింది అని నీకు కూడా చెప్పలేదు. చెబితే ఇనుము మీదికి నెడుతున్నాడు అంటావని. ఇప్పుడు తప్పు ఇనుముదేనంట. నన్నేం చెయ్యమంటావు?"

నేను మేకుకి వేలాడుతున్న షీల్డు వైపు చూశాను.

"ఈ మనిషి నోట్లోంచి మాట రావాలంటే గ్రైండరు పెట్టాలి," అంది జైతున్‌బీ. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

వేరే రోజైతే అంత మాట అనుకున్నాక ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. నాజిమ్ బండి తీసుకుని సెంటరుకి పోయేవాడు. నాహిద్ బెజవాడ బస్సెక్కేది. శశాంక్ కారెక్కేవాడు. ఆ రోజు పోవడానికి చోటు లేదు. ఉన్నవి రెండు గదులు, ఒక షెడ్డు. ఒక గదిలో ముక్కు చీదితే ఇంకో గదిలో వినపడుతుంది.

శశాంక్ ఊరుకోలేక నా చెప్పులు వేసుకుని వాగు దాకా పోయి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. సిగ్నలు కోసం ఫోను పైకెత్తి పట్టుకుని షెడ్డులో నాలుగు మూలలూ తిరిగాడు.

"ఇంకొంచెం పైకెత్తండి సార్, వాన ఆగుద్దేమో," అన్నాడు ఏసోబు. తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా, "బాబాయ్, ఈ ఇంట్లో కంటే ఆ వాగులోనే నయం. కనీసం చప్పుడన్నా ఉంది," అన్నాడు.

మా ఆవిడ పప్పుచారు, కోడిగుడ్డు అట్లు పెట్టింది. నాజిమ్ గోడ వైపు తిరిగి తిన్నాడు. నాహిద్ అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆవకాయ జాడీ ఇద్దరి మధ్యా ఉంది. ఇద్దరూ వేసుకోలేదు.

చీకటి పడకముందు నేను శశాంక్ పక్కన కూర్చున్నాను.

"గురువారం అసలుదానికి వేస్తే ఏమౌద్ది?" అన్నాను.

"పగులుతుందండి. వెంటనే కాకపోతే కొన్నాళ్లకి. దాన్ని బాగుచెయ్యడానికి మనిషి లోపలికి పోలేడు. వెల్డింగు వద్దు, ఆ భాగం మొత్తం మార్చండి అంటే ఏళ్లు ఆపాలి కదా అంటారు. పగిలాక మాత్రం వేసినవాడెవడు అని అడుగుతారు. ఈ సంగతి తెలియకుండా పైవాళ్లు పట్టుకొచ్చిన ఎవడో ఒక కుర్రాడు. ఇంకో నాజిమ్."

"వాడికి పని నేర్పింది నేను. తప్పు నాదని నేను వచ్చి చెబితే?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. "వేసినవాడే చెప్పాలండి. ఇంకొకరు చెబితే చెల్లదు."

మా షెడ్డు రూలూ అదే. ఆయన చెప్పులు తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నాను.

తెల్లారేసరికి వాన పలచబడింది. ఏసోబు ట్రాక్టరు రేడియో పెట్టి వింటూ కూర్చున్నాడు. నేను బయటికి రాగానే, "బాబాయ్, బెజవాడ పోయింది," అన్నాడు. వాడి మొహాన ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "బుడమేరు తెగిందంట. ఇళ్లు మిద్దెల దాకా మునిగినయ్యంట. జనం డాబాల మీద ఉన్నారంట."

"మన వాగు?"

"నీళ్లు ట్రాక్టరు పెద్ద చక్రం సగానికి దిగినయ్. దాటొచ్చు. ఎగువన మళ్లీ పడితే లేదు. పోతే ఇప్పుడే."

శశాంక్ అప్పటికే సంచి సర్దుకున్నాడు. కారు అవతలే ఉంది. బెజవాడ మాట వదిలేసి విస్సన్నపేట, నూజివీడు మీదుగా ఎట్లాగో పడి విమానం అందుకుంటానన్నాడు. నాజిమ్ పేరు ఎత్తలేదు. మా ఆవిడకి దణ్ణం పెట్టి ట్రక్కెక్కాడు. కాళ్లకి నా చెప్పులు ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్క బూటు షెడ్డు గుమ్మం పక్కన పెట్టి పోయాడు.

ఏసోబు ఇంజను స్టార్టు చేశాడు.

నేను షెడ్డులోకి పోయాను. మేకుకి ఉన్న నాజిమ్ షీల్డు దించాను. అది నేను ముట్టకూడనిది. ఈ షెడ్డు వేసిన దగ్గర్నుంచీ ఒకరి షీల్డు ఇంకొకరు దించింది లేదు. నల్లద్దం మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. చొక్కా అంచు తడిపి తుడిచాను. తర్వాత పటకారు తీసుకుని మేకుని పట్టాను. పాత మేకు. తుప్పు పట్టి గోడలో కలిసిపోయింది. మొదటి లాగుకి రాలేదు. కాలు గోడకి తన్ని లాగాను. వచ్చింది. దాని వెంట పిడికెడు సున్నం రాలింది.

వంటింటి గుమ్మంలో నాహిద్ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. గోడలో బొక్క వైపు చూస్తోంది.

వెనక్కి తిరిగితే నాజిమ్. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నా చేతుల్లోకి చూస్తున్నాడు. ఒక చేతిలో వాడి షీల్డు. ఒక చేతిలో మేకు.

"బాబాయ్, వాగు మళ్లీ లేస్తుంది!" అని బయటి నుంచి ఏసోబు అరిచాడు.

షీల్డు తీసుకుంటే ఇప్పుడే ట్రక్కెక్కాలి. అక్కడికి పోయి, తనది కాని తప్పు తనదని అనాలి. మేకు తీసుకుంటే మళ్లీ గోడకి కొట్టుకుని ఇక్కడే ఉండిపోవాలి, గురువారం ఇంకెవడో కూర్చుంటాడు. వాడు చెయ్యి చాపాడు. ఏది కావాలో చెప్పలేదు.

నేను రెండూ వాడి చేతిలో పెట్టాను.